తల్లి కాబోతున్నారా... గొంతు మీద ఓ కన్నేయండి!

నెల తప్పిందని తెలియగానే ఇంట్లో సందడి మొదలవుతుంది. ఏ డాక్టరమ్మకి చూపించాలి, స్కానింగ్ ఎప్పుడు, కాన్పు పుట్టింట్లోనా అత్తింట్లోనా... అన్నీ మాట్లాడుకుంటారు. గొంతులో ఉన్న ఓ చిన్న గ్రంథి మాత్రం ఎవరికీ గుర్తురాదు. కడుపులో బిడ్డ మెదడు ఎదగడానికి తొలి నెలల్లో కావలసిన హార్మోనును పంపేది అదే. ఒక్కోసారి ఒంట్లోని రక్షణ వ్యవస్థే ఆ గ్రంథి మీద దాడికి దిగుతుంది. ముందే కనిపెడితే భయపడాల్సింది చాలా తక్కువ. కనిపెట్టకపోతేనే చిక్కు.

సముద్రం పక్కనే ఉన్నాం. ఇసకపల్లి మడుల్లో ఉప్పు పండుతుంది. నెల్లూరు చేపల పులుసు పేరు తెలియని తెలుగువాడు లేడు. ఇక మనకు థైరాయిడ్ ఏమిటి? తీరప్రాంతంలో ఉండేవాళ్లకి ఈ అనుమానం రావడం సహజమే. 'థైరాయిడ్ అంటే అయోడిన్ తక్కువై వచ్చే జబ్బు, అది కొండల్లో ఉండేవాళ్లకి వస్తుంది' అని చిన్నప్పుడు సైన్సు పుస్తకంలో చదువుకున్న పాఠం అలాంటిది మరి. ఆ పాఠం తప్పు కాదు. కానీ అది సగం పాఠమే.

ఉప్పు పండే చోటా ఉంటుంది

ముందు ఉప్పు లెక్క చూద్దాం. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అదే లీటరులో అయోడిన్ ఉండేది 50 నుంచి 60 మైక్రోగ్రాములు మాత్రమే. అంటే ఎండబెట్టేటప్పుడు అయోడిన్ అంతా ఉప్పులోనే మిగిలిపోయిందని అనుకున్నా, పది గ్రాముల ఉప్పుతో అందేది 20 మైక్రోగ్రాములకు లోపే. నిజానికి అంత కూడా మిగలదు. గర్భిణికి రోజుకు కావలసింది 250 మైక్రోగ్రాములని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మడిలోంచి తెచ్చిన కల్లుప్పు ఎంత తెల్లగా మెరిసినా ఈ లోటును పూడ్చలేదు. అందుకే ఫ్యాక్టరీలో ఉప్పుకి విడిగా అయోడిన్ కలుపుతారు. దుకాణంలో కొనేటప్పటికి కిలో ఉప్పులో కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలన్నది మనదేశంలో నిబంధన. వంటకు వాడే ఉప్పును అయోడిన్ లేకుండా అమ్మకూడదన్న నిషేధం 2006 మే నుంచి మళ్లీ అమల్లోకి వచ్చింది.

దీనివెనక పెద్ద కథే ఉంది. హిమాచల్‌లోని కాంగ్రా లోయలో గొంతువాపు ఊళ్లకు ఊళ్లనే పట్టి పీడించేది. 1956లో వులిమిరి రామలింగస్వామి బృందం అక్కడ అధ్యయనం మొదలుపెట్టింది. అయోడిన్ కలిపిన ఉప్పు ఇస్తే ఆ వాపు తగ్గిపోతుందని నిరూపించింది. శ్రీకాకుళంలో పుట్టిన ఈ తెలుగు వైద్యశాస్త్రవేత్త కృషి పునాదిగా 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం వచ్చింది.

అయోడిన్ కొరత తగ్గింది. మరి థైరాయిడ్ సమస్యలు తగ్గాయా? లేదు. ఎనిమిది నగరాల్లో ఐదువేలమందికి పైగా పెద్దవాళ్లను పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ హార్మోను తక్కువగా ఉన్నట్లు తేలింది. అందులో మన హైదరాబాద్ ఉంది, నెల్లూరుకి దగ్గరలోని చెన్నై కూడా ఉంది. సముద్రతీర నగరాల్లో సమస్య కొద్దిగా తక్కువే, కానీ లేకపోలేదు. అన్నిటికన్నా ఆలోచింపజేసే విషయం ఇంకొకటి. పరీక్షించినవాళ్లలో ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా రక్తంలో 'యాంటీ టీపీఓ' అనే యాంటీబాడీలు కనిపించాయి.

సైన్యం తిరగబడితే...

యాంటీబాడీలంటే మన ఒంట్లో సైనికులు. బయటినుంచి వచ్చే వైరస్‌లనూ బ్యాక్టీరియానూ పట్టుకుని మట్టుబెట్టడం వాటి పని. కానీ కొందరిలో ఈ సైన్యం పొరబడుతుంది. సొంత అవయవాన్నే శత్రువనుకుంటుంది. దీన్నే ఆటో ఇమ్యూనిటీ అంటారు. థైరాయిడ్ గ్రంథి హార్మోను తయారుచేయడానికి టీపీఓ అనే ఎంజైము అవసరం. దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు పుట్టాయంటే గ్రంథి మీద దాడి జరుగుతోందని అర్థం. ఏళ్ల తరబడి చాపకింద నీరులా సాగే ఈ దాడిలో గ్రంథి కొద్దికొద్దిగా దెబ్బతింటుంది. నొప్పి ఉండదు. జ్వరం రాదు. చాలామందికి తెలియనే తెలియదు.

దీన్ని తొలిసారి వర్ణించింది హకారు హషిమోతో అనే జపాన్ వైద్యుడు. 1912లో నలుగురు మహిళల గొంతులోంచి తీసిన గ్రంథులను సూక్ష్మదర్శినిలో చూసి, వాటినిండా తెల్లరక్తకణాలు కిక్కిరిసి ఉండటం గమనించాడు. జర్మన్ పత్రికలో వ్యాసం రాశాడు. తర్వాత సొంతూరికి వెళ్లి వైద్యం చేసుకుంటూ 1934లో టైఫాయిడ్‌తో కన్నుమూశాడు. తన పేరు ప్రపంచమంతా ఒక జబ్బుకి పెడతారని ఆయనకు తెలియదు. ఆ తెల్లరక్తకణాలు అక్కడేం చేస్తున్నాయో తెలియడానికి మరో 44 ఏళ్లు పట్టింది. 1956లో లండన్‌లో డెబొరా డోనియాక్, ఇవాన్ రాయిట్, పీటర్ క్యాంప్‌బెల్ హషిమోతో రోగుల రక్తంలో థైరాయిడ్‌కి వ్యతిరేకంగా పనిచేసే యాంటీబాడీలను పట్టుకున్నారు. ఒళ్లు తనమీద తానే దాడి చేసుకోగలదన్న మాట అప్పటిదాకా చాలామంది వైద్యులకే మింగుడుపడలేదు.

ఈ సమస్య మగవాళ్లకన్నా ఆడవాళ్లలో చాలా ఎక్కువ. ఇంట్లో అమ్మకో అక్కకో పిన్నికో ఉంటే వచ్చే అవకాశం ఇంకా పెరుగుతుంది. టైప్-1 మధుమేహం లాంటి ఇతర ఆటో ఇమ్యూన్ జబ్బులున్నవాళ్లకీ అంతే.

అమ్మే ఆధారం

ఇంతకీ గర్భిణుల దగ్గర దీనికెందుకింత ప్రాముఖ్యం? కడుపులో పెరిగే బిడ్డకు మొదట్లో సొంత థైరాయిడ్ హార్మోను ఉండదు. పన్నెండో వారం ప్రాంతంలో బిడ్డ గ్రంథి పని మొదలుపెడుతుంది. పూర్తిగా పుంజుకునేసరికి 18 నుంచి 20 వారాలు. అప్పటిదాకా మాయ ద్వారా అమ్మ రక్తంలోంచి వచ్చే హార్మోనే దిక్కు. మెదడుకు పునాది పడేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే.

అందుకే ప్రకృతి ఓ ఏర్పాటు చేసింది. గర్భం దాల్చగానే అమ్మ ఒంట్లో తయారయ్యే హెచ్‌సీజీ హార్మోను థైరాయిడ్‌ను తట్టిలేపుతుంది. గర్భిణికి మామూలుకన్నా 30 నుంచి 50 శాతం ఎక్కువ థైరాయిడ్ హార్మోను కావాలి. ఆరోగ్యంగా ఉన్న గ్రంథి ఈ అదనపు పనిని నిశ్శబ్దంగా చేసుకుపోతుంది.

యాంటీబాడీల దెబ్బ తిన్న గ్రంథి సంగతి వేరు. ఇంటి పెరట్లో ఓ బావి ఉందనుకోండి. మామూలు రోజుల్లో నలుగురికీ సరిపడా నీళ్లిస్తుంది. ఎవరికీ లోటు తెలియదు. పెళ్లికి ఊరంతా దిగారనుకోండి... అప్పుడు తెలుస్తుంది ఊట ఎంతుందో! గర్భం అలాంటి పెళ్లి. అంతకుముందు రక్తపరీక్షలో అంతా బాగానే ఉన్నా, గర్భం వచ్చాక కొన్ని వారాల్లోనే హార్మోను చాలకపోవచ్చు. అప్పుడు మెదడు కిందనున్న పిట్యూటరీ గ్రంథి 'ఇంకా పనిచెయ్, ఇంకా పనిచెయ్' అంటూ థైరాయిడ్‌కు కబురుమీద కబురు పంపుతుంది. ఆ కబురే టీఎస్‌హెచ్. హార్మోను తగ్గేకొద్దీ టీఎస్‌హెచ్ అంకె పెరుగుతుంది. రిపోర్టులో టీఎస్‌హెచ్ ఎక్కువుందంటే థైరాయిడ్ మందగించిందని అర్థం చేసుకోవాల్సింది అందుకే.

ఇక్కడే మరో తిరకాసు. నీరసం, ఒళ్లు బరువెక్కడం, మలబద్ధకం, నిద్రమత్తు, ఏ పనీ చేయబుద్ధికాకపోవడం... ఇవన్నీ థైరాయిడ్ తగ్గితే కనిపించే లక్షణాలు. ఇవే మామూలు గర్భిణికీ ఉంటాయి. 'కడుపుతో ఉన్నప్పుడు అంతేనమ్మా' అని పెద్దవాళ్లు సర్దిచెబుతారు. లక్షణాలను బట్టి పట్టుకోవడం కష్టం కాబట్టే రక్తపరీక్ష కావాలి.

నిర్లక్ష్యం చేస్తే?

థైరాయిడ్ హార్మోను బాగా తగ్గిపోయి, చికిత్స లేకుండా వదిలేస్తే గర్భస్రావం, నెలలు నిండకుండానే కాన్పు, రక్తపోటు, బిడ్డ బరువు తగ్గడం లాంటి ప్రమాదాలు పెరుగుతాయి. బిడ్డ తెలివితేటల మీదా ప్రభావం పడవచ్చు. 1999లో అమెరికాలో హాడో బృందం ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో వైద్యప్రపంచాన్ని కదిలించింది. గర్భంతో ఉన్నప్పుడు థైరాయిడ్ లోపానికి చికిత్స తీసుకోని తల్లుల పిల్లలను ఏడు నుంచి తొమ్మిదేళ్ల వయసులో పరీక్షిస్తే, మిగతా పిల్లలకన్నా ఐక్యూ సగటున ఏడు పాయింట్లు తక్కువగా ఉంది.

ఇది చదివి కంగారుపడాల్సిన పనిలేదు. ఇది చికిత్స లేని, గట్టి లోపం గురించిన మాట. లోపం స్వల్పంగా ఉన్నవాళ్ల సంగతి తేల్చడానికి బ్రిటన్, ఇటలీల్లో జరిపిన పెద్ద పరిశోధన ఫలితాలు 2012లో వచ్చాయి. పన్నెండు, పదమూడో వారం ప్రాంతంలో తల్లులకు మందు మొదలుపెట్టినా పెట్టకపోయినా, మూడేళ్ల వయసులో పిల్లల ఐక్యూలో తేడా కనిపించలేదు. లోపం ఎంతుంది, ఎప్పుడు పట్టుకున్నారు అన్నవే కీలకమన్నమాట.

పాజిటివ్ అంటే జబ్బేనా?

చాలా ఇళ్లలో గుండె జారిపోయేది ఈ ఒక్క మాటకే. టీఎస్‌హెచ్ మామూలుగానే ఉంటుంది. 'యాంటీ టీపీఓ పాజిటివ్' అని మాత్రం వస్తుంది. ఇక ఫోన్ల మీద ఫోన్లు!

యాంటీబాడీలు ఉన్నంతమాత్రాన జబ్బున్నట్లు కాదు. అది ఓ హెచ్చరిక. తీరంలో తుపాను హెచ్చరిక ఎగరేశారంటే తుపాను ఇంటిమీద పడిందని కాదు కదా, జాగ్రత్తగా ఉండమని. ఇదీ అంతే. మనదేశంలో 9 రాష్ట్రాల్లోని 11 నగరాల్లో గర్భిణులను పరీక్షించిన అధ్యయనం 2016లో వచ్చింది. అందులో ఐదుగురిలో ఒకరికి ఈ యాంటీబాడీలు ఉన్నాయి. వాళ్లందరి గర్భాలూ చెడిపోవు. చాలామంది మామూలుగానే కంటారు.

అలాగని తేలిగ్గా కొట్టిపారేయడానికీ లేదు. 1990లో న్యూయార్క్‌లో స్టాగ్నారో-గ్రీన్ బృందం అయిదు వందలమందికి పైగా గర్భిణులను గమనించింది. యాంటీబాడీలు లేనివాళ్లలో గర్భస్రావాలు 8.4 శాతం. ఉన్నవాళ్లలో 17 శాతం. సరిగ్గా రెట్టింపు! ఎందుకిలా జరుగుతుందన్నదానికి ఇప్పటికీ ఒక్కటే జవాబు లేదు. గ్రంథికి ఊట తక్కువగా ఉండటం ఒక కారణం. రోగనిరోధక వ్యవస్థలోనే ఉన్న తేడాకు ఈ యాంటీబాడీలు ఓ గుర్తు అన్నది మరో వాదన.

అయితే ముందుజాగ్రత్తగా అందరికీ మాత్ర ఇచ్చేస్తే సరిపోదా? 2006లో ఇటలీలో జరిగిన ఓ పరిశోధన అవుననే చెప్పింది. దాంతో ఎన్నో చోట్ల డాక్టర్లు అలా ఇవ్వడం మొదలుపెట్టారు. తర్వాత బ్రిటన్‌లో 49 ఆసుపత్రులు కలిసి ఈ ప్రశ్నను మరింత గట్టిగా పరీక్షించాయి. అంతకుముందు గర్భస్రావాలో సంతానలేమో ఉండి, యాంటీబాడీలున్నా హార్మోను మామూలుగానే ఉన్న 952 మంది మహిళలను రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు గర్భానికి ముందునుంచే 50 మైక్రోగ్రాముల మాత్ర. మరో జట్టుకు మందు లేని ఉత్తుత్తి మాత్ర. 2019లో ఫలితాలు వచ్చాయి. మాత్ర వేసుకున్నవాళ్లలో 37.4 శాతం మంది బిడ్డను ఎత్తుకున్నారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 37.9 శాతం! అంటే ఏ తేడా లేదు. హార్మోను సరిగ్గా ఉన్నంతవరకూ యాంటీబాడీల కోసమని మాత్ర మింగడంవల్ల ఒరిగేదేమీ లేదని తేలింది.

కావలసింది నిఘా. యాంటీబాడీలున్న గర్భిణి సగం నెలలు నిండేదాకా నాలుగు వారాలకోసారి, తర్వాత ముప్ఫయ్యో వారం దగ్గర ఒకసారి టీఎస్‌హెచ్ చూపించుకోవాలన్నది అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2017లో ఇచ్చిన సూచన. అంకె దాటుతోందనిపిస్తే డాక్టర్లు వెంటనే మాత్ర మొదలుపెడతారు. యాంటీబాడీ పరీక్షను మాత్రం పదేపదే చేయించుకోనక్కర్లేదు. ఆ అంకె తగ్గిందా పెరిగిందా అన్నదాన్నిబట్టి చికిత్స మారదు.

ఏ అంకె సరైనది?

పక్కింటావిడకు 3.2 అంటే మాత్ర రాశారు, మాకు 3.2 అంటే ఫర్వాలేదన్నారు... ఈ గందరగోళం చాలామందికి అనుభవమే. దీనికో కారణముంది. తొలి మూడు నెలల్లో టీఎస్‌హెచ్ 2.5 దాటకూడదని ఒకప్పుడు గట్టిగా అనేవారు. మన కేంద్ర ఆరోగ్య శాఖ 2014లో ఇచ్చిన మార్గదర్శకాలూ తొలి మూడు నెలల్లో 2.5, ఆ తర్వాత 3 అనే హద్దులనే తీసుకున్నాయి. అదే అమెరికా సంఘం 2017లో మాట సవరించుకుంది. స్థానిక గర్భిణుల లెక్కలు లేనిచోట 4 వరకూ సరేనంది. యాంటీబాడీలున్నవాళ్ల విషయంలో మాత్రం 2.5 దాటితే చికిత్స గురించి ఆలోచించవచ్చంది. అందుకే ఒకే అంకెకు ఇద్దరికి రెండు సలహాలు రావచ్చు.

హద్దు ఎక్కడ గీస్తామన్నది ఎంత తేడా తెస్తుందో 11 నగరాల అధ్యయనంలోనే చూడొచ్చు. టీఎస్‌హెచ్ 4.5 దాటితేనే లోపం అనుకుంటే గర్భిణుల్లో 13 శాతం మందికి సమస్య ఉన్నట్లు. అదే హద్దును 2.5, 3కి దించితే 44 శాతం మందికి! వాళ్ల ఒళ్లు మారలేదు. గీత మారిందంతే. కాబట్టి రిపోర్టు చూసి సొంతంగా మాత్ర మొదలుపెట్టడం, ఆపడం రెండూ తగవు. 10 దాటితే మాత్రం ఎవరికీ రెండో అభిప్రాయం లేదు... మాత్ర వేసుకోవాల్సిందే.

పరీక్ష ఎవరికి?

కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ముప్పు ఎక్కువగా ఉన్న గర్భిణులకు తొలి పరీక్షల్లోనే టీఎస్‌హెచ్ కూడా చేయాలి. ఎవరు వాళ్లంటే...

* వయసు 30 దాటినవాళ్లు, ఊబకాయం ఉన్నవాళ్లు.
* ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ సమస్య ఉన్నవాళ్లు.
* తమకే ఇంతకుముందు థైరాయిడ్ సమస్యో, గొంతువాపో, గొంతుకు ఆపరేషనో ఉన్నవాళ్లు.
* టైప్-1 మధుమేహం, ఇతర ఆటో ఇమ్యూన్ జబ్బులున్నవాళ్లు.
* గర్భస్రావం, నెలలు నిండని కాన్పు, కడుపులోనే బిడ్డ పోవడం లాంటి చేదు అనుభవాలున్నవాళ్లు.
* పిల్లలకోసం చికిత్స తీసుకున్నవాళ్లు.
* అయోడిన్ కొరత ఉన్న ప్రాంతాలవాళ్లు.

ఈ జాబితాలో లేకపోయినా అడిగి చేయించుకోవచ్చు. నెల తప్పిన వెంటనే, ఏఎన్ఎం దగ్గర పేరు రాయించుకునేటప్పుడో డాక్టరు దగ్గరకు మొదటిసారి వెళ్లినప్పుడో ఈ మాట గుర్తుచేయాలి. ఐదో నెలలో సీమంతం హడావుడి అయ్యాక చేయిస్తే ఆ పరీక్ష విలువ సగం పోయినట్లే. బిడ్డకు అమ్మ హార్మోను బాగా అవసరమైన రోజులు అప్పటికే గడిచిపోతాయి.

హ్యాండ్‌బ్యాగులో దాచిన సీసా

వైద్యానికి సంబంధించని చిక్కొకటి ఉంది. పెళ్లికి ముందే థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్న అమ్మాయిలు ఇప్పుడు కొత్త కాదు. పెళ్లిచూపుల్లో ఆ మాట ఎత్తడానికి మాత్రం చాలా ఇళ్లలో జంకు. 'చెబితే సంబంధం తప్పిపోతుందేమో' అని తల్లిదండ్రుల భయం. మాత్రల సీసా హ్యాండ్‌బ్యాగు అడుగుకు వెళుతుంది. అత్తవారింట్లో అందరూ లేచేలోపు గుట్టుగా వేసుకోవాలి. కుదరని రోజు మానేయాలి. బంధువులొస్తే మానేయాలి. సరిగ్గా ఆ నెలల్లోనే నెల తప్పుతుంది. మోతాదు పెంచాల్సిన సమయంలో ఉన్న మోతాదే ఒంటికి అందదు.

గర్భం రాగానే చాలామందికి మోతాదు పాతిక, ముప్ఫై శాతం పెంచాల్సి వస్తుంది. వారానికి రెండు మాత్రలు అదనంగా వేసుకోవడం ఓ పద్ధతి. కాబట్టి థైరాయిడ్ ఉన్న అమ్మాయి పిల్లల్ని కనాలనుకున్నప్పుడే డాక్టరును కలిసి టీఎస్‌హెచ్ సరిచేసుకోవాలి. నెల తప్పితే ఏం చేయాలో ముందే అడిగి పెట్టుకోవాలి. నెల తప్పిందని తెలిసిన రోజే ఫోన్ చేయాలి. ఇదంతా భర్తకీ అత్తమామలకీ తెలిసి జరిగితే ఎంత తేలిక! కోడలు ఉదయాన్నే మాత్ర వేసుకుందో లేదో అత్తగారే అడిగే ఇంట్లో మోతాదు తప్పే ప్రసక్తే ఉండదు. రోజుకో చిన్న మాత్రతో అదుపులో ఉండే సమస్యను రహస్యంగా మార్చి పెద్దది చేసుకోవడమెందుకు?

ఆ మాత్ర కొత్తదీ కాదు, వింతదీ కాదు. 1891లో ఇంగ్లండ్‌లో జార్జ్ ముర్రే అనే డాక్టరు గొర్రె థైరాయిడ్ నుంచి తీసిన సారాన్ని 46 ఏళ్ల ఓ మహిళకు ఇచ్చాడు. లేవలేని స్థితిలో ఉన్న ఆవిడ కోలుకుని, ఆ మందుతోనే మరో 28 ఏళ్లు బతికింది. ఇప్పుడు వాడే లీవోథైరాక్సిన్ మన గ్రంథి తయారుచేసే హార్మోనుకు అచ్చు నకలు. ఒంటికి లేనిదాన్ని అందించడమే తప్ప కొత్తగా ఏదీ చేర్చదు. 'వేడి చేస్తుంది, బిడ్డకు మంచిది కాదు' అని మానేయడమే బిడ్డకు మంచిది కాదు.

కాఫీకి ముందు... ఐరన్‌కి దూరంగా

మాత్ర వేసుకున్నా టీఎస్‌హెచ్ దిగడం లేదంటే చాలాసార్లు లోపం వేసుకునే పద్ధతిలో ఉంటుంది. పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి. ఆ తర్వాత అరగంట నుంచి గంటదాకా కాఫీ, టీ, పాలు, టిఫిన్ ఏవీ వద్దు. పొద్దున్నే పొగలు కక్కే కాఫీ పడితేగానీ కదలని మనవాళ్లకు ఇది కాస్త కష్టమే. కానీ తప్పదు.

గర్భిణుల విషయంలో అసలు శత్రువు మరొకటుంది. ఆసుపత్రిలో ఇచ్చే ఐరన్, కాల్షియం మాత్రలు! రక్తహీనత రాకుండా, ఎముకలు గట్టిపడేందుకు అవి అవసరమే. కానీ థైరాయిడ్ మాత్రతో కలిపి మింగితే దాన్ని ఒంటికి పట్టనివ్వవు. అన్నీ ఓ గుప్పెట్లో పోసుకుని ఒకేసారి గుటుక్కుమనిపించే అలవాటు చాలామందికుంది. కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. తెల్లవారి థైరాయిడ్ మాత్ర, మధ్యాహ్నం భోజనమయ్యాక కాల్షియం, రాత్రికి ఐరన్ అని పెట్టుకుంటే గొడవే ఉండదు. కాల్షియం, ఐరన్ కూడా ఒకదానితో ఒకటి కలవకపోవడమే మంచిది.

జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడేవాళ్లు రక్తపరీక్షకు కనీసం రెండురోజుల ముందు వాటిని ఆపాలి. లేకపోతే రిపోర్టులో అంకెలు తప్పుగా రావచ్చు.

దాడి మరోలా జరిగితే...

అన్ని యాంటీబాడీలూ గ్రంథిని నీరసింపజేయవు. కొన్ని దాన్ని అదేపనిగా తట్టిలేపుతాయి. హార్మోను అవసరానికి మించి ఊరుతుంది. గుండెదడ, చేతులు వణకడం, తిన్నా బరువు తగ్గడం, కళ్లు ముందుకు పొడుచుకురావడం దీని లక్షణాలు. 1835లో ఐర్లండ్ వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ వర్ణించిన ఈ సమస్యకు ఆయన పేరే ఉంది. గర్భిణుల్లో ఇది అరుదే. కానీ ఇక్కడి యాంటీబాడీలు మాయను దాటి బిడ్డ గ్రంథినీ తట్టిలేపగలవు. హషిమోతో యాంటీబాడీలతో ఆ ప్రమాదం దాదాపు ఉండదు. గ్రేవ్స్‌కి వాడే మందులు కూడా గర్భం నెలలను బట్టి మారతాయి. తొలి నెలల్లో సాధారణంగా ప్రొపైల్‌థైయోయురాసిల్ వైపు మొగ్గుతారు. ఒకప్పుడు ఈ జబ్బు వచ్చి తగ్గినవాళ్లు, గ్రంథి తీయించుకున్నవాళ్లు కూడా ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి. గ్రంథి పోయినా యాంటీబాడీలు మిగిలి ఉండొచ్చు.

వేవిళ్లు మరీ ఎక్కువగా ఉన్న కొందరిలోనూ టీఎస్‌హెచ్ బాగా తగ్గి కనిపిస్తుంది. అది హెచ్‌సీజీ ప్రభావం. చాలావరకు నాలుగు, ఐదు నెలలకు దానంతటదే సర్దుకుంటుంది. రెంటికీ తేడా తేల్చాల్సింది డాక్టరే.

కాన్పయ్యాక అసలు కథ

బిడ్డ చేతికొచ్చింది... గండం గడిచిందనుకుంటాం. యాంటీబాడీలున్న తల్లులకు మాత్రం ఇంకో ఏడాది కనిపెట్టుకుని ఉండాలి. కడుపులో బిడ్డను పరాయిగా చూడకుండా ఉండేందుకు గర్భిణి రోగనిరోధక వ్యవస్థ కాస్త నెమ్మదిస్తుంది. అందుకే నెలలు నిండేకొద్దీ యాంటీబాడీలు తగ్గుతూ వస్తాయి. కాన్పయ్యాక అది ఒక్కసారిగా మళ్లీ విజృంభిస్తుంది. గర్భం తొలినాళ్లలో యాంటీ టీపీఓ పాజిటివ్ వచ్చినవాళ్లలో మూడోవంతు నుంచి సగం మందికి ప్రసవానంతర థైరాయిడైటిస్ వస్తుంది.

మొదట కొన్ని వారాలు హార్మోను ఎక్కువై దడ, చిరాకు, నిద్రపట్టకపోవడం. తర్వాత నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య హార్మోను తగ్గిపోయి నీరసం, జుట్టు ఊడటం, మతిమరుపు, దిగులు. 'బాలింత నీరసం' అనో, 'పథ్యం సరిగా చేయలేదు' అనో, 'పిల్ల నిద్రపోనివ్వట్లేదు కదా' అనో ఇంట్లో సరిపెట్టుకుంటారు. కొందరు తల్లులు తామే పనికిరానివాళ్లమనుకుని లోలోపల కుమిలిపోతారు. ఓ చిన్న రక్తపరీక్ష అసలు సంగతి చెప్పేస్తుంది. చాలామందికి ఏడాది తిరిగేసరికి గ్రంథి కోలుకుంటుంది. కొందరికి మాత్రం లోపం శాశ్వతంగా ఉండిపోతుంది. కోలుకున్నవాళ్లూ ఏడాదికోసారి టీఎస్‌హెచ్ చూసుకోవాలి.

థైరాయిడ్ మాత్ర వేసుకుంటూ బిడ్డకు నిశ్చింతగా పాలివ్వొచ్చు. గర్భంతో ఉన్నప్పుడు పెంచిన మోతాదును కాన్పు కాగానే డాక్టరు పాత మోతాదుకు తగ్గిస్తారు. ఆరు వారాలకు మళ్లీ పరీక్ష. పుట్టిన బిడ్డకూ మూడు నుంచి ఐదు రోజుల మధ్య మడమ దగ్గర చుక్క రక్తం తీసి టీఎస్‌హెచ్ చూడటం మంచిది. పుట్టుకతోనే థైరాయిడ్ లోపం సుమారు వెయ్యిమందిలో ఒక బిడ్డకు ఉంటుంది. వెంటనే మందు మొదలుపెడితే ఆ బిడ్డ అందరిలాగే ఎదుగుతుంది.

అపోహలు... నిజాలు

థైరాయిడ్ ఉంటే పిల్లలు పుట్టరు: తప్పు. హార్మోను అదుపులో ఉంటే అందరిలాగే గర్భం వస్తుంది, అందరిలాగే కాన్పవుతుంది.

యాంటీబాడీలుంటే అయోడిన్ ఉప్పు మానేయాలి: వద్దు. అయోడిన్ మరీ ఎక్కువైనా మంచిది కాదన్న మాట నిజమే. కానీ అది అతిగా మింగే టానిక్కుల సంగతి. వంటలో వేసే మామూలు అయోడిన్ ఉప్పు గర్భిణికి, బిడ్డకు కావలసిందే.

క్యాబేజీ, కాలీఫ్లవర్ ముట్టకూడదు: ఉడికించి, మామూలుగా తినే మోతాదులో ఏ ఇబ్బందీ లేదు.

చేపలు తింటే యాంటీబాడీలు పోతాయి: పోవు. సముద్రపు చేపల్లో కొంత అయోడిన్ ఉంటుంది, మాంసకృత్తులూ బాగుంటాయి. చెరువు చేపల్లో అయోడిన్ తక్కువ. ఏది తిన్నా మంచిదే, మందుకు బదులు మాత్రం కాదు.

కాన్పవగానే మాత్ర మానేయొచ్చు: గర్భంలో కొత్తగా, కొద్ది మోతాదులో మొదలుపెట్టినవాళ్లకు డాక్టరు ఆపవచ్చు. అంతకుముందు నుంచీ వాడుతున్నవాళ్లు మానకూడదు.

మధుమేహానికీ రక్తపోటుకూ ఇచ్చే ప్రాధాన్యాన్ని ఈ పరీక్షకూ ఇస్తే చాలు. ఖర్చు కొద్దిపాటిది. కావలసిన రక్తం ఓ చెంచాడు. ఈ ఆదివారం ఇంట్లో కొత్త కోడలో, పెళ్లయిన కూతురో ఉంటే ఒక్క మాట అడగండి... 'అమ్మాయ్, టీఎస్‌హెచ్ చేయించుకున్నావా?' అని.